విగ్రహం మీద లకుముకి పిట్ట

తెల్లవారకముందే శిలానగరం కోటగుమ్మం దాటాలి. అన్న విగ్రహం ఏ వీధిలో ఉందో వెతకాలి. దానిమీద పిట్ట వాలేదాకా కదలకుండా నిలబడాలి. పిట్టా విగ్రహమూ కలిసి అద్దంలా మెరిసే అభ్రకపు పలకలో ఒక్కసారే కనబడేలా పట్టాలి. అంతవరకూ ఎవరేమన్నా నోరు విప్పకూడదు. విప్పితే పలక పగిలిపోతుంది.

కట్టెలు కొట్టే అప్పన్న కూతురు పోలి, కొండగుహలోని ముని చెప్పిన ఈ మాటలనే అడవి దారి పొడుగునా వల్లెవేసుకుంటూ నడిచింది. ఘోరదంష్ట్రుడనే మాంత్రికుడు శిలానగరంలో రాజుతో సహా సగం ఊరిని రాళ్ళుగా మార్చేశాడు. అక్కడికి కట్టెలమ్మబోయిన పోలి అన్న సింహాద్రి కూడా రాయైపోయాడు.

"వాళ్ళ ప్రాణాలు పిట్టలై తిరుగుతున్నాయి తల్లీ," అన్నాడు ముని పలక చేతికిస్తూ. "ఏ ప్రాణమైనా తన శరీరాన్నే వెతుక్కుంటూ వస్తుంది. వాలనిస్తే చాలు, ఈ పలక రెండింటినీ కలుపుతుంది."

"అంత సులువైతే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు చేయలేదు స్వామీ?"

"వాలనివ్వరు గనుక. ఆ ఊరికి పిట్టంటే పగ."

కోటగుమ్మం దగ్గరే కావలివాడు అడ్డం నిలిచాడు. "ఏటే, ఆ పలకేటి? పిట్టల్ని పిలవడానికొచ్చావా? పలకవేటి, నీ నోట్లో మట్టెట్టారా?" అని వెనక్కి నెట్టాడు. పోలి పడి లేచి, అతని చంక కిందుగా లోపలికి దూరింది.

వీధి వీధిన విగ్రహాలే. ప్రతిదాని పక్కనా ఆ ఇంటివాళ్ళు రాళ్ళు విసిరే ఒడిసెల పట్టుకొని కాపలా ఉన్నారు. 'విగ్రహం మీద పిట్ట రెట్ట వేస్తే ఆ ఇంట చావు తప్పద'ని మాంత్రికుడు చాటింపు వేయించాడు. అది నమ్మి, తమవాళ్ళ రాతి ఒళ్ళు పొద్దున్నే కడిగి, బొట్టుపెట్టి, తమవాళ్ళ ప్రాణాలనే రాళ్ళతో తరుముతున్నారు. నిజం అరిచి చెప్పాలని పోలికి నాలుక దురదపెట్టింది. పళ్ళు బిగబట్టింది.

మాంత్రికుడు ఊరుకోలేదు. కూడలి దాటుతుండగా వెనకనుంచి అచ్చం సింహాద్రి గొంతుతో పిలిచాడు. "చెల్లే! దాహంగా ఉందే! ఒక్కసారి పలకవే!" పోలి పైటకొంగు నోట్లో కుక్కుకొని ముందుకే నడిచింది.

సంతవీధిలో కట్టెలమోపు నెత్తినెత్తుకొని నిలబడి ఉన్నాడు రాతి సింహాద్రి. పక్కనే అచ్చియ్యమ్మ అనే ముసలమ్మ తన కొడుకు సూరన్న విగ్రహాన్ని కడుగుతోంది. ఇంతలో ఒక లకుముకి పిట్ట సింహాద్రి చుట్టూ తిరగసాగింది.

"పో, దరిద్రపు పిట్టా! దిక్కులేని బొమ్మైతేనేం, దీన్నీ నేనే కాస్తాలే!" అంటూ అచ్చియ్యమ్మ ఒడిసెల తిప్పింది. పోలి అడ్డం వెళ్ళింది. రాయి నుదుటికి తగిలి నెత్తురు కారింది. అయినా కిక్కురుమనలేదు. పిట్ట మోపు మీద వాలింది. పోలి పలక ఎత్తి పట్టింది. పలక మెరిసింది.

సింహాద్రి గట్టిగా తుమ్మాడు. "ఏటే ఆ నెత్తురు? ఎవడు కొట్టాడు?"

"ఒడిసెలలు పారేయండర్రా!" పోలి గొంతు చించుకొని అరిచింది. "మీరు తరిమేది మీవాళ్ళనే!"

ఊరు చూసింది. ఒడిసెలలు నేలరాలాయి. పిట్టలు గుంపులుగా దిగాయి. పోలి వీధులన్నీ తిరిగి ఒక్కొక్కరినీ పలకలో పట్టింది. రాజు కళ్ళు తెరిచిన క్షణాన, తన మంత్రం తనకే తిరగబడి ఘోరదంష్ట్రుడు కూడలిలో బండరాయై పడ్డాడు. "నా ఊరిని నాకంటే నువ్వే బాగా కాపాడావు. ఇక దీన్ని నువ్వే ఏలు," అని రాజు పోలికి పట్టం కట్టాడు.

పట్టాభిషేకం నాడు కూడా అచ్చియ్యమ్మ కొడుకు పాదాల దగ్గరే కూర్చుంది. సూరన్న మీద ఏ పిట్టా వాలలేదు.

"రోజూ ఒక గోరువంక వచ్చేదమ్మా," అంది పోలితో. "ఎంత తరిమినా వీడి భుజం మీదకే వచ్చేది. నిరుడు కొట్టాను. నా గురి తప్పదు."

పోలి కిరీటం తీసి పక్కన పెట్టి, చాలాసేపు ఆమె చెయ్యి పట్టుకొని కూర్చుంది.

పిల్లలూ, ఏ కూడలిలోనైనా విగ్రహం మీద పిట్ట కనిపిస్తే చప్పట్లు కొట్టి తోలకండి. కాసేపు వాలనిచ్చి, సూరన్నను ఒక్కసారి తలుచుకోండి.