చీపురుకు అనుమతి

పదీ ఇరవైకి పళ్ల డాక్టరు కుర్చీలో పడుకుని నోరు తెరిచిన మనిషి మళ్లీ మూయలేదు. తెల్లకోటు వేసుకుని వచ్చినవాడు డాక్టరు కాదు. చిగుళ్లకు ఇచ్చింది మత్తుమందు కాదు. అసలు డాక్టరు పక్క గదిలో నోటికి ప్లాస్టరుతో దొరికాడు.

చనిపోయినవాణ్ని డిపార్ట్‌మెంటులో 'పోస్ట్‌మాన్' అనేవారు. సరిహద్దు అవతలి నుంచి పన్నెండేళ్లుగా రహస్య కబుర్లు మోసుకొచ్చిన మనిషి. మూడు నెలల్లో ఇలా పోయినవాళ్లలో అతను మూడోవాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు చీఫ్ ఎదురుగా ఏజెంట్ ముల్లు కూర్చున్నాడు. ఆ పేరు అతనికి తుపాకీ వల్ల రాలేదు, నాలుక వల్ల వచ్చింది. పై అధికారులనూ కింది గుమాస్తాలనూ ఒకే గాటన కట్టి తీసిపారేయడం అతనికి అలవాటు. పోస్ట్‌మాన్‌ను మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. తొమ్మిదేళ్లుగా అతని బాగోగులు చూసింది ముల్లే.

"అపాయింట్‌మెంట్ ఎవరు తీసుకున్నారు?" అన్నాడు చీఫ్.

"నేనే. నెట్‌లో, దొంగ పేరుతో."

"అంటే ముగ్గురికి తెలుసు. వాడికి, నీకు, నీ బ్రౌజర్‌కి."

ముల్లు పెదవి విరిచాడు. తను వాడేది నత్తలా నడిచినా నోరు విప్పని బ్రౌజర్ అనీ, డిపార్ట్‌మెంటులో మిగతా గొర్రెలమంద వాడేవాటిని అనుమానించమనీ చెప్పాడు. చీఫ్ ఫైలు ముందుకు తోశాడు.

ఈ హత్యలు చేయిస్తున్న విదేశీ ముఠా పేరు 'జల్లెడ'. ఫోన్లలో, ఫైళ్లలో ఎక్కడా లీకు దొరకలేదు. మిగిలింది బ్రౌజర్లే. సరిగ్గా ఈరోజే డిపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే బ్రౌజర్ ఎంపిక చేయడానికి కమిటీ కూర్చుంటోంది. మూడింటికి సమావేశం. నాలుగింటికి ఒక్క బటన్ నొక్కితే నాలుగు వేల కంప్యూటర్లలోకి కొత్త బ్రౌజర్ దిగుతుంది. అవతలి వైపు మారుపేర్లతో బతుకుతున్న పద్దెనిమిది మంది చిరునామాలు చూసే కంప్యూటర్ కూడా అందులో ఒకటి.

"అమ్మడానికి వస్తున్న కంపెనీలో జల్లెడ మనిషి ఉంది. నిజానికి మన మనిషి. నెమలి."

"నాలుగేళ్లు అక్కడ తిన్న మనిషి ఇంకా మనదేనంటారా?"

"నేనంటాను," అన్నాడు చీఫ్. "బ్రౌజర్‌లో విషం ఉంటే 'ఉక్కగా ఉంది' అంటుంది. లేకపోతే 'చలిగా ఉంది'. ఆ రెండే కోడ్ మాటలు."

కమిటీ అధ్యక్షుడు ముల్లు అక్క మొగుడు. ఆయనకు రహస్యం చెప్పడం, ఊరంతా దండోరా వేయించడం రెండూ ఒకటే. అందుకని ముల్లు ఏసీ మెకానిక్‌గా వెళ్లాలి. బావ గుర్తుపట్టడా అని చీఫ్‌కు సందేహం వచ్చింది. మా బావ జన్మలో మెకానిక్ ముఖం చూసి ఎరగడని ముల్లు ధీమా.

అదే జరిగింది. మరకల నీలం చొక్కా, తలకు టోపీ, భుజాన నిచ్చెనతో ముల్లు లోపలికి వస్తే బావ కాగితం నుంచి తల ఎత్తకుండా, దుమ్ము పడకుండా పని చేసుకోమన్నాడు. అక్క పెళ్లయి ఇరవై ఏళ్లు. అంతకు ముందు ఆదివారమే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర భోంచేశారు.

ముల్లు నిచ్చెన ఎక్కి ఫాల్స్ సీలింగ్ పలక జరిపాడు. ఏసీ గొట్టం పక్కనే నెట్ కేబుల్ ఉంది. స్క్రూడ్రైవర్ పిడిలో దాచిన రిసీవర్‌ను దానికి తగిలించాడు. గదిలోని కంప్యూటర్ తెలియని చోటికి ఏదైనా పంపితే, చేతి వాచీలో ఎర్ర చుక్క వెలుగుతుంది.

కింద ఏడుగురు పెద్దమనుషులు దేశభద్రతను భుజాన వేసుకున్నారు. పేజీ తెరుచుకోవడానికి రెండు సెకన్లు పడితే ఇక పని జరిగినట్టేనని ఒకాయన వాపోయాడు. ఆయన బల్ల మీద నిరుటి ఉత్తరాలు కవరు కూడా చింపకుండా ఉన్నాయని ముల్లుకు తెలుసు. ఇంకొకాయనకు తప్పులు దిద్దే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, కావాలి, తెర రంగు మార్చేది కావాలి, వాతావరణం చెప్పేది కావాలి. ఆయన వెనకాలే కిటికీ ఉంది. ప్రైవసీ గురించి మాట్లాడబోయిన రికార్డుల ఆఫీసరమ్మకు మూడు నిమిషాలు ఇచ్చి, అందులో రెండు బావే మాట్లాడాడు. దాచుకోవాల్సిన పనులు చేసేవాళ్లకే ప్రైవసీ కావాలని ఆయన సిద్ధాంతం. గూఢచారి శాఖలో కూర్చుని ఈ మాట అన్నందుకు ఎవరూ నవ్వలేదు.

నెమలి లేచి నిలబడింది. ముదురాకుపచ్చ చీర, చెవులకు చిన్న నీలిరాళ్లు, గదిలో అందరి చూపూ తన మీదే ఉందని తెలిసిన నడక. వెనక కంపెనీ ఇంజినీర్ లాప్‌టాప్‌తో కూర్చున్నాడు. ఆమె బ్రౌజర్ తెరిచి చూపించింది. పేజీలు రెప్పపాటులో వచ్చాయి.

"ఈ గది చలిగా ఉంది," అంది మధ్యలో.

వాచీలో చుక్క లేదు. అయినా ముల్లు నమ్మలేదు. నెమలి అమ్ముడుపోయింది అనుకున్నాడు. ఆమె ఒకసారి కమిటీ తయారుచేసిన ఎక్స్‌టెన్షన్ల జాబితా చివరి పేజీ చదివితే బాగుంటుందని బావను అడిగింది. మళ్లీ అడిగింది. బావ చేత్తో తోసిపుచ్చాడు. నిచ్చెన మీద ముల్లు కూడా, ఇది వయ్యారం ఒలకబోసి కాలయాపన చేస్తోందని మనసులోనే చీదరించుకున్నాడు.

నాలుగుకు మూడు నిమిషాలు ఉందనగా, అందరికీ ఇవ్వాల్సిన ఎక్స్‌టెన్షన్లను ఇంజినీర్ బ్రౌజర్‌లోకి ఎక్కించాడు. 'అన్ని సైట్లలో మీ సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అనుమతిస్తారా?' అని తెర అడిగింది. అనుమతించాడు.

వాచీలో ఎర్ర చుక్క వెలిగింది. ఆరింది. తెరిచిన ప్రతి పేజీకీ వెలిగింది.

ముల్లు తెర వైపు చూశాడు. జాబితాలో మొదటి పేరు చీపురు. ప్రకటనలను ఊడ్చేసే ఉచిత ఎక్స్‌టెన్షన్. అది అతనికి బాగా తెలుసు. రెండేళ్ల కిందట తనే పెట్టుకున్నాడు. ప్రకటనలు చూస్తూ కూర్చునేవాళ్లు బుద్ధిహీనులనీ, చీపురు పెట్టుకోని ఆఫీసరుకు బుర్ర ఊడ్చుకుపోయినట్టేననీ శాఖ అంతటికీ సర్క్యులర్ రాసిందీ తనే. దాన్ని చేసినవాడు ఆరు నెలల కిందట ఎవరికో అప్పగించి వెళ్లిపోయాడని రికార్డుల ఆఫీసరమ్మ ఒకసారి చెప్పబోతే, ఆమెను రెండో వాక్యం పూర్తి చేయనివ్వలేదు.

పై దవడ, ఎడమవైపు, పదీ ఇరవై. అపాయింట్‌మెంట్ పేజీలో రెండు వేళ్లతో తనే టైప్ చేశాడు. నత్తలాంటి ఆ బ్రౌజర్ నిజంగానే నోరు విప్పలేదు. దాని నెత్తిన తను కూర్చోబెట్టిన చీపురు విప్పింది. కింద బావ బటన్ వైపు వేలు చాచాడు.

"బావా, ఆపు. నొక్కొద్దు."

గది మొత్తం తల ఎత్తింది. ముల్లు టోపీ తీశాడు.

"నువ్వేంట్రా ఇక్కడ? ఆ చొక్కా ఏంటి?" అన్నాడు బావ.

"జాబితాలో మొదటిది దొంగది. నేను రాసిన సర్క్యులర్ చూసే మీరు అందులో పెట్టారు. పోస్ట్‌మాన్ దానివల్లే చచ్చిపోయాడు. తప్పు నాది."

తప్పు నాది అనే మాట ముల్లు నోట అంతవరకు ఎవరూ వినలేదు. ఆ ఆశ్చర్యంలో బావ వేలు గాల్లోనే ఆగిపోయింది. ఇంజినీర్ వేలు ఆగలేదు. బావ మీదుగా వంగి బటన్ నొక్కి, రెండో చేత్తో పిస్తోలు తీశాడు.

తెర మీద గీత కదలడం మొదలైంది. ముందు సిద్ధం చేయడం, తరవాత పంపడం. ఎనభై శాతం. తొంభై. ముల్లు కటింగ్ ప్లయర్‌తో సీలింగ్‌లోని నెట్ కేబుల్ పట్టుకున్నాడు. పిస్తోలు అతని వైపు తిరిగింది. నెమలి బల్ల మీది స్టీలు నీళ్ల జగ్గు తీసి ఇంజినీర్ మణికట్టు మీద కొట్టింది. గుండు ఏసీలోకి పోయింది. ప్లయర్ మూసుకుంది.

తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగింది. చేరిన కంప్యూటర్లు: సున్నా.

ఇంజినీర్ మెడ మీద రికార్డుల ఆఫీసరమ్మ మోకాలు పెట్టి కూర్చుంది. గార్డులు వచ్చి లేవమనేదాకా లేవలేదు. అతని సంచీలో సిరంజి, తెల్లకోటు దొరికాయి.

వరండాలో నెమలి తడిసిన కొంగు పిండుకుంటోంది. ముందే ఎందుకు చెప్పలేదని ముల్లు అడిగాడు. ఈసారి గొంతులో ముల్లు లేదు.

"బ్రౌజర్ గురించి అడిగారు, చెప్పాను. అది శుభ్రంగానే ఉంది. చీపురు సంగతి నాకు మధ్యాహ్నమే తెలిసింది. అప్పటినుంచి ఆ ఇంజినీర్ నీడలా వెంట ఉన్నాడు. దానికి మీరు కోడ్ మాట ఇవ్వలేదు. ఏ ఎక్స్‌టెన్షన్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో చివరి పేజీలో ఉంది, అది చదవమని రెండుసార్లు అడిగాను. మీ బావ వినలేదు." ఆమె ఆగి అతని వైపు చూసింది. "మీరూ వినలేదు."

ముల్లు అవునని తల ఊపాడు.

సాయంత్రం అతను పోస్ట్‌మాన్ ఇంటికి వెళ్లాడు. భార్యకు అబద్ధం చెప్పమని శాఖ నియమం. గుండెపోటు అని చెప్పాలి. అతను చెప్పాడు. ఆవిడ నమ్మినట్టు తల ఊపి, ఆయనకు పంటినొప్పి తగ్గిందా అని అడిగింది. తగ్గిందన్నాడు ముల్లు.

మర్నాడు కమిటీ నివేదిక చీఫ్ బల్ల మీదికి వచ్చింది. బావ సంతకంతో ఒకే పేరా: 'సమావేశం సంతృప్తికరంగా ముగిసింది. ఒక మెకానిక్ నిర్లక్ష్యం వల్ల నెట్ తెగిపోయినందున బ్రౌజర్ ఎంపిక వాయిదా వేయడమైనది.'