తొణికిన చెంబు

వేగవరం రాజ్యంలో ఫిర్యాదు చెప్పుకునేవాళ్లు దివాణంలో నిండు చెంబు పట్టుకుని నిలబడాలి. చుక్క తొణికిందా, భటుడు "ఆవేశం!" అని కేకవేస్తాడు. ఆవేశంలో ఉన్నవాళ్ల మాట నమ్మరాదన్నది ధీరసేన మహారాజు తాతలనాటి కట్టుబాటు. అందుకే అక్కడ పిల్లలకు నడకతోపాటు చెంబు పట్టడమూ నేర్పేవారు.

ఆ ఏడు కొండవాగు ఎండిపోయింది. జడకర్ణుడనే రాక్షసుడు ఊటకు అడ్డంగా కూర్చున్నాడు. చెయ్యి వణకనివాళ్లను ఏరి రాజు కొండకు పంపాడు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే రాళ్లయ్యారు. వాళ్లలో మేకల కాపరి నాగన్న ఒకడు.

అతని చెల్లెలు ఓబుళమ్మ సైన్యం పంపమని అడగడానికి దివాణానికి వెళ్లింది. "మా అన్న..." అనేసరికి మాట సగంలో ఆగింది. నీళ్లు తొణికాయి.

"ఆవేశం!" అని భటుడు నేల తుడిచాడు.

"నేల తర్వాత తుడుద్దువులే. నా మాట ఇనండి దొరా!"

"స్థిమితపడి రామ్మా" అన్నాడు రాజు. ఆ గొంతులో కోపమైనా లేదు. ఓబుళమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఇంటి దగ్గర చెంబు పట్టుకుని సాధన చేసింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తొణికింది. ఎన్నిసార్లు వెళ్లినా అన్న మాట దగ్గరే చెయ్యి వణికేది. చివరికి చెంబుతో సహా బయటికి నడిచింది.

"అది దివాణం చెంబు!" అని భటుడు అరిచాడు.

"కట్టుబాటు మీరే ఉంచుకోండి. చెంబు నేను తీస్కపోతాండా!"

కొండకు పోతుంటే అడవిలో కొండచిలువ దారికడ్డంగా పడుకుని ఉంది. "ఏడవకుండా పనేమిటో చెప్పు, జరుగుతాను" అంది.

"ఈడ గూడా అదేనా!" ఓబుళమ్మ కాలితో నేలను తన్ని అరిచింది.

కొండచిలువ పక్కకు జరిగింది. "చెవుల్లేని నాకే ఒళ్లంతా తగిలింది. పో తల్లీ."

కొండ మొదట్లో ముని కనిపించాడు. "నాకు ఆవేశం ఎక్కువంట సామీ. తగ్గే మందుంటే ఇయ్యి" అంది ఓబుళమ్మ.

"జాతరలో పూనకం వచ్చినామెను ఏమంటారు?"

"అమ్మవారి ఆవేశమంటారు. కాళ్లు కడుగుతారు."

"నీకొస్తే?"

"నేల తుడుస్తారు."

"ఆవేశమంటే లోపలికి ఒకరు వచ్చి చేరడం. జాతరలో ఎవరొచ్చారని అడుగుతారు కదా. నిన్ను అడిగారా?"

"ఎవరూ అడగల్యా."

"నేను అడుగుతున్నాను. ఎవరొచ్చారు?"

"మా అన్న" అంది.

ముని తల ఊపాడు. "అయితే మందు వద్దు. ఊటనీళ్లు నిండుగా పట్టుకుని ఆ రాళ్ల ముందు నిలబడు. వంచి పోస్తే ఫలించదు. నీళ్లు వాటంతట అవి తొణకాలి."

ఆమె చెంబు ముంచుకుంటుంటే జడకర్ణుడు నవ్వాడు. "ముంచుకో, ముంచుకో! మీ చెంబు సంగతి తెలిసే ఈ మంత్రపు కట్టు కట్టాను. తొణకనివాళ్లనే పంపుతాడు మీ రాజు!"

ఓబుళమ్మ అన్న రాయి ముందు నిలబడింది. చెయ్యి కదలలేదు. ఇన్నాళ్లు వద్దన్నా వణికిన చెయ్యి, ఇప్పుడు కావాలంటే బిగుసుకుపోయింది. ఆమెకు దాన్ని నరుక్కోవాలనిపించింది. చెంబును చూడటం మానేసి రాయిని చూసింది. దివాణంలో సగంలో ఆగిన మాట అందుకుంది.

"మా అన్న సద్ది తినకుండా పోయినాడు. మూట అట్లనే ఉంది. కొత్తగా పుట్టిన మేకపిల్లకు పేరు పెట్టల్యా. అది తలుపు కాడ అరుస్తాంది, అన్నా..."

నీళ్లు తొణికాయి. నాగన్న కళ్లు తెరిచాడు.

"ఏందిమే, ఏడుస్తాండావా?"

"ఆవేశపడతాండా. అడ్డం రావాక!"

ఒక్కొక్క రాయి దగ్గరికి వెళ్లి, ఇంటి దగ్గర వాళ్లకోసం ఎవరు ఎదురుచూస్తున్నారో చెప్పింది. చెయ్యి ఇక ఆగలేదు. చివరి మనిషి లేచేసరికి ఊట ఉబికి జడకర్ణుణ్ణి లోయలోకి ఈడ్చుకుపోయింది. వాళ్లు వాగు వెంట ఊరు చేరారు.

జరిగింది చెప్పమని రాజు అడిగాడు. ఓబుళమ్మ చెంబు నింపి ఆయన చేతికే ఇచ్చింది.

"మీరు పట్టుకోండి దొరా. నేను చెప్తా."

ఆమె మేకపిల్ల దాకా వచ్చేసరికి రాజు పాదాలు తడిశాయి. భటుడు అలవాటుగా నోరు తెరిచి, మూసుకున్నాడు.

ఆనాటి నుంచి వేగవరంలో చెంబు వినేవాళ్ల చేతికి మారింది. న్యాయపీఠం ఓబుళమ్మకు దక్కింది. దివాణంలో నేల తుడిచే గుడ్డను నాగన్న అడిగి తీసుకుపోయి మేకపిల్లకు పక్క వేశాడు.