వంటింటి గుమ్మంలో నలభై మూడు సంతకాలు

"ఏమప్పా, కండ్లు యాడ పెట్టుకోని కడుగుతాండావ్? ఇప్పుడే తుడిచినా ఈ గడప!"

బాలకిషన్ నీళ్ళ పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పొద్దున ఐదున్నర. ఆ సందులో డ్రైవర్లంతా కార్లు కడిగే వేళ. తెల్ల జీఎంసీ కారు మీది దుమ్మంతా బురదై పక్కింటి గేటు ముందు పాలరాతి మీద చేరింది. ఆ పాలరాతి మీద చీపురు పట్టుకుని ఒక పిల్ల నిలబడి ఉంది.

"నేనేం కావాల్నని పంపిన్నా? అవ్వే వొయినయ్."

"అవ్వే పోయినాయా? అట్లయితే నువ్వే వచ్చి తుడిచిపో."

అతను నిజంగానే వెళ్ళి తుడిచాడు. ఆ రోజే వాడి పని అయిపోయిందని ఖలందర్ తర్వాత చాలాసార్లు అన్నాడు. ఖలందర్ బాలకిషన్ పనిచేసే ఇంట్లో వంటవాడు. కడప మనిషి, కువైట్‌లో ఇరవై ఏళ్ళు.

బాలకిషన్‌ది జగిత్యాల దగ్గర పల్లె. అబూ నాసర్ అనే రిటైర్డ్ హెడ్మాస్టరు ఇంట్లో డ్రైవరు, వచ్చి మూడేళ్ళు. రమణిది రాయచోటి. పక్కింట్లో ఇంటిపని, వచ్చి నాలుగేళ్ళు.

ఇంటి వీసా మీద వచ్చినవాళ్ళకు ప్రేమించుకోవడానికి దొరికే చోటు ఒక్కటే. వీధి చివర చెత్త డబ్బా. పార్కుకు పోయే తీరిక లేదు, సెలవు లేదు. చెత్త మాత్రం రోజూ ఉంటుంది.

"ఏమన్నా, మీ ఇంట్లో ఉండేది నలుగురు. దినానికి మూడు సంచుల చెత్త యాడ్నుంచి వస్తాది?"

"నువ్వు అన్నా అనుడు బంద్ చేస్తే ఒక్క సంచే తెస్త."

"మరి ఏమనల్ల?"

"బాలకిషన్ అను. గంత మంచి పేరు ఎందుకు పెట్టుకున్న?"

"పేరు మంచిదే. మనిషి సంగతే చూడల్ల." అతన్ని కిందినుంచి పైదాకా ఒక చూపు చూసి, సంచి డబ్బాలో పడేసి వెళ్ళిపోయింది. ఆ చూపు మీద బాలకిషన్ రెండు వారాలు బతికాడు.

నవంబరులో ఒక సాయంత్రం వాన పడింది. కువైట్‌లో వానంటే వార్త. ఇద్దరూ కరెంటు గది చూరు కింద, మధ్యలో చెత్త సంచులు పెట్టుకుని నిలబడ్డారు. రమణి అరచేయి చాపి వాన పట్టింది.

"బ్నీద్ అల్ గార్‌లో బుడేన్‌బీ అని మా కడపామె లేడీస్ టైలర్ షాపు పెట్టుకోనుండాది. వస్తే మిషనిస్తా అంటాది. నాకు బ్లౌజులు బాగా వస్తాయి."

"మరి పో."

"ఎట్ల పోతా? ఇంటి వీసా నుంచి షాపు వీసాకు మారల్లంటే వీసా ఇచ్చిన యజమాని, ఆ కఫీల్ సంతకం కావల్ల. అడిగినా. మా ఇంటి యజమానురాలు, మామా, నవ్వింది. అయిదుగురు పిల్లోల్లను ఎవురు చూస్తారు అనింది."

"ఆ సంతకమై రిలీజ్ దొరికితే ముంగట ఏం జేస్తవ్?"

"శుక్రవారం దినమంతా నిద్రపోతా."

"గంతేనా?"

"తర్వాత పెండ్లి చేసుకుంటా."

"ఎవలిని?"

"వాన నిలిచింది. పోదామా?"

సరిగ్గా ఆ నెలలోనే మజ్లిస్‌లోకి, అంటే కువైట్ పార్లమెంటులోకి, ఒక బిల్లు వచ్చింది. మూడేళ్ళు ఒక ఇంట్లో పనిచేసినవాళ్ళు, కఫీల్ సంతకం లేకుండానే షాపుకో కంపెనీకో మారొచ్చు. వంటిళ్ళలో ఫోన్లన్నీ ఆ వార్తతో మోగాయి.

దివానియాల్లో కూడా అదే మాట. దివానియా అంటే ఇంటి ముందు గది, సాయంత్రం మగవాళ్ళంతా కూడే చోటు. ఆ బిల్లుకు అడ్డం నిలిచింది మంత్రులు కాదు, పెద్ద కంపెనీలు కాదు. రిటైర్డ్ మాస్టర్లు, గుమాస్తాలు, మోకాళ్ళ నొప్పుల తాతలు. పార్టీ లేదు, జెండా లేదు. కూర్చున్నారు, కాఫీ తాగారు, తామే కాగితం రాసుకున్నారు. మంచాన పడ్డ తల్లిని రేపు ఎవరు చూస్తారు? ఇంటి మనిషి అంగట్లో నిలబడితే ఇంటి గుట్టేం కావాలి? పాత పద్ధతి పోతే ఇంక మిగిలేదేమిటి? వాళ్ళ భయం నిజమైన భయమే. ఆ భయానికి మూల్యం మాత్రం వంటింట్లో వాళ్ళు చెల్లించాలి.

ఆ కాగితం ప్రతులు రెండు అబూ నాసర్ బాలకిషన్ చేతికిచ్చాడు. "ఖద్దామాల చట్టం గురించి. సందులో అన్ని ఇళ్ళకూ తీసుకెళ్ళు. సంతకాలు." ఖద్దామా అంటే ఇంటి పనిమనిషి.

బాలకిషన్‌కు వచ్చిన అరబ్బీ డ్రైవరు అరబ్బీ. కుడి, ఎడమ, ఆగు, పోనీ. చదవడం అసలే రాదు. అతనికి తెలిసింది వేరే. శుక్రవారం బాబా, అంటే యజమాని అబూ నాసర్, తనతో ఒకే పళ్ళెంలో తింటాడు. జ్వరం వస్తే మంచం పక్కన కూర్చున్నాడు. గదిలో వేములవాడ రాజన్న పటం పెట్టుకుంటానంటే తానే మేకు కొట్టాడు. ఇంత మంచోడు మన దిక్కే ఉంటడు. ఆ లెక్క తప్పని అతనికి తట్టలేదు. మనవాళ్ళలో చాలామందికి తట్టదు.

ఇంకొకటి. డ్రైవరు ఎవరింటికి పోయినా ముందు గుమ్మం గంట కొట్టడు. వంటింటి వైపు పోతాడు. పక్కింటి వంటింటి తలుపు రమణి తీసింది.

"ఏం కాయితం?"

"నీ రిలీజ్."

"తమాషాలొద్దు."

"ఒట్టు. కొత్త ఖానూన్ రావాల్నని మా బాబా సంతకాలు జమ చేస్తుండు. నేనే తిరుగుతున్న."

రమణి చేయి గౌనుకు తుడుచుకుంది. తెలుగులో సంతకం పెట్టి, పక్కన సివిల్ ఐడీ నంబరు వేసింది. మొదటి పేరు ఆమెదే. పెన్ను వెనక్కి ఇవ్వలేదు.

"ఆ రెండు కాయితాలు నాకియ్ బాలకిషనూ. నువ్వు పోతే ఎవురూ తలుపు తీయరు."

అన్నా అనలేదు. బాలకిషన్ అది గమనించాడు. కాగితంలో ఏముందో గమనించి ఉంటే బాగుండేది.

రెండు రోజుల్లో నలభై మూడు. తెలుగు, సింహళం, ఫిలిప్పీనో పిల్లల ఇంగ్లీషు, బొటనవేలి ముద్రలు. ఎవరూ అడగలేదు, చదివించుకోలేదు. ఎయిర్‌పోర్టులో దిగిన రోజు నుంచీ అరబ్బీ కాగితం చూపించి ఇక్కడ పెట్టు అంటే పెట్టడమే వాళ్ళకు అలవాటు. పైగా ఈసారి అడిగింది రమణి.

బుధవారం సాయంత్రం కాగితాలు దివానియాకు చేరాయి. అబూ నాసర్ చూశాడు, పక్కవాళ్ళకు చూపించాడు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన లేచి వచ్చి బాలకిషన్ భుజం తట్టాడు. బాలకిషన్ గాల్లో తేలుతూ వంటింట్లోకి వచ్చాడు. వెనకే కాఫీ పాత్రతో ఖలందర్ వచ్చాడు. అతను అరబ్బీ చదవగలడు.

"ఓరి నాయనా, ఏం చేసినావురా?"

"ఏమైంది కాకా?"

"ఈ చట్టం మాకొద్దు అని రాసుండాది దాంట్లో. పనోల్లు గూడా వద్దంటాండారే అని లోపల సంబరపడతాండారు. ఆదివారం మజ్లిస్‌లో ఇస్తారంట."

చెత్త డబ్బా దగ్గర రమణి అంతా విన్నది. తెచ్చిన సంచి డబ్బాలో వేసి మూత పెట్టింది.

"తిట్టు," అన్నాడు బాలకిషన్.

"తిడితే నీకు బరువు దిగుతాది. తిట్టను."

"ఆదివారం కాయితాలు నా కార్లనే ఉంటయ్. చింపేస్త."

"చింపితే దొంగతనం కేసు. నిన్ను విమానమెక్కిస్తారు. పనోల్లే వద్దన్నారని వాల్లు చెప్పుకుంటానే ఉంటారు. పో, పోయి మొగం మీద చెప్పు."

"నాకు గంత అరబ్బీ యాడిది?"

"వచ్చినంతలోనే చెప్పు. ఆ నలభై రెండు మంది నన్ను నమ్మి వేసినారు. నేను నిన్ను నమ్మి వేసినా." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. "ఇది సరిచేసేదాక ఈ డబ్బా కాడికి రావద్దు."

గురువారం దివానియా నిండుగా ఉంది. బాలకిషన్ చెప్పులు విడిచి, మూడేళ్ళలో మొదటిసారి అతిథులు వచ్చే తలుపులోంచి లోపలికి వెళ్ళాడు.

"బాబా. హాదా వరగా మూ జేన్." ఈ కాగితం మంచిది కాదు అని.

ఎవరో నవ్వారు.

"ఖద్దామా మా యదరీ. అనా మా అదరీ." వాళ్ళకు తెలియదు, నాకు తెలియదు. అక్కడికి అతని అరబ్బీ అయిపోయింది. చెమట కారుతూ చేతులతో స్టీరింగు తిప్పాడు. "యమీన్ అనుకున్నం బాబా. యసార్ అయింది." కుడి అనుకుంటే ఎడమైందని.

ఈసారి గదంతా నవ్వింది. అబూ నాసర్ మాత్రం నవ్వలేదు. "పనివాళ్ళు తమ చేతులతో పెట్టిన సంతకాలు. తప్పేముంది?"

"తప్పు ఉంది నాయనా. నేను చెబుతాను."

గొంతు చెప్పులు విడిచే చోటునుంచి వచ్చింది. రమణి. అక్కడికి ఆడవాళ్ళు రారు. పనిమనిషి అసలు రాదు. గదిలో కూర్చున్న ఆమె బాబా ఎర్రబడి లేచాడు. "ఇంటికి పో!"

రమణి కదల్లేదు. రేపే టికెట్ కొని పంపించేయగలడని ఆమెకు తెలుసు. అయినా మాట్లాడింది. ఆమె అరబ్బీ డ్రైవరు అరబ్బీ కాదు. తాను పనిచేసే ఇంటి పెద్దమామాను, అంటే ఆ బాబా తల్లిని, మూడేళ్ళు మంచం మీద సాకి, మొన్న వేసవిలో ఆమె పోయేదాకా పక్కనే ఉండి నేర్చుకున్నది. ముసలమ్మల భాష. వాళ్ళ ఒట్లు, వాళ్ళ సణుగుడు, వాళ్ళ యాసతో సహా.

"లోపలికి రాను, ఇక్కడే నిలబడతాను. ఆ కాగితం మీద మొదటి పేరు నాది. నాకు చదవడం రాదు. మీరెవరన్నా చదివి వినిపించారా? అమ్మకు నేను రోజుకు ఏడు మందులు పోసేదాన్ని. ఒక్కరోజు కూడా ఇదేం మందో చెప్పకుండా పోయలేదు. మీరు మాకు చెప్పకుండా పోశారు."

ఇద్దరు ముసలివాళ్ళు తల దించుకున్నారు. ఆ గొంతులో వాళ్ళకు ఎవరు వినిపించారో వాళ్ళకే తెలియాలి. ఆమె బాబా మెల్లగా కూర్చున్నాడు.

"నలభై మూడు మందీ ఇంతేనా?" అని అడిగాడు అబూ నాసర్.

"ఇంటింటికీ పోయి అడగండి. ఈసారి చదివి అడగండి."

అబూ నాసర్ ఆ రెండు కాగితాలు తీసి నాలుగు ముక్కలు చేశాడు. "తెలియనివాడి చేత చెప్పించిన సాక్ష్యం హరాం."

"మన రెండు వందల సంతకాల కన్నా ఆ రెండు కాగితాలకే ఎక్కువ విలువ!" అని ఒకాయన అరిచాడు.

"అందుకే చింపాను."

మిగిలిన రెండు వందలూ ఫైలులో పెట్టాడు. అతని మనసేమీ మారలేదు. ఆదివారం ఆ ఫైలును మజ్లిస్‌కు తీసుకెళ్ళాడు, బండి తోలింది బాలకిషనే. బిల్లు కమిటీకి పోయింది. అక్కడే ఉంది.

అయితే ఆ గురువారం రాత్రి భోజనాలకు ముందే అబూ నాసర్ పక్కింటాయన చేయి పట్టుకున్నాడు. "నా కాగితం మీద ఆమె పేరు తప్పుగా ఎక్కింది. ఆ తప్పు నాది. ఆమెకు రిలీజ్ ఇవ్వు." మామా మూడు వారాలు సాధించింది. నాలుగో వారం సంతకం అయింది.

అలాంటి దయ నాకొద్దు అని రమణి అనలేదు. కథల్లో అంటారు. ఆమెకు మిషన్ మీద కూర్చునే పని ఉంది.

పోయిన శుక్రవారం బుడేన్‌బీ ఆమెను దారాల రీళ్ళకు దజీజ్ బజారుకు పంపింది. బాలకిషన్ బాబాను ఒక పూట సెలవు అడిగి, బస్సులో తోడు బయలుదేరాడు. ముందు సీట్లు ఆడవాళ్ళవి. అతను ఆమె వెనక సీట్లో కూర్చుని, ఆమె జడతో మాట్లాడుతున్నాడు.

రమణి ఫోన్ మోగింది. రాయచోటి నుంచి తల్లి గంగులమ్మ, వీడియోలో.

"వెనక ఉండేది ఆ పిల్లోడేనా?"

"నమస్తే అత్తమ్మా!" బాలకిషన్ సీటు మీదుగా తల పెట్టాడు.

"అప్పుడే అత్తమ్మనా! ఏ ఊరు నాయనా?"

"జగిత్యాల దిక్కు."

"యాడనో అది. అన్నం తింటారా, రొట్టెలా?"

"అన్నమే అత్తమ్మా."

కులం అడగలేదు. అది తర్వాత కూతురినే అడుగుతుంది. ఇప్పుడు ఆమె అడిగింది వేరే. "మా పాపకు రిలీజ్ వచ్చె. పిల్లోనిది ఏం వీసా?"

"ఇంటి వీసా మా," అంది రమణి.

"అంటే రిలీజ్ ల్యా?"

రమణి తల అడ్డంగా ఊపింది.

"సంబంధం నాకు నచ్చింది మే. పెండ్లికి పిల్లోన్ని పంపిచ్చేది ఎవురో ముందు కనుక్కోండి."

ఫోన్ ఆగింది. రమణి పూర్తిగా వెనక్కి తిరిగింది. "అడిగినావా ఎప్పుడన్నా?"

"మా బాబా మంచోడు గదా. అడిగే పనేముంది?"

"మంచోడే. తాళం ఎవురి జోబీలో ఉండాది?"

బాలకిషన్ కిటికీలోంచి చూశాడు.

"నలభై మూడు మంది కోసరం పోయి నిలబడినావు. నీ కోసరం పోలేదు."

"నువ్వు తోడొస్తవా?"

"రాను. ఇది నువ్వే అడగల్ల. మాటలు మాత్రం నేర్పిస్తా."

అతను ఫోన్ తీసి బాబాకు చేశాడు. ఆమె సీటు వెనక్కి వంగి ఒక్కొక్క మాటే అందించింది, అతను ఒక్కొక్కటే పలికాడు. బాబా, నేను బాలకిషన్. రేపు మీతో మాట్లాడాలి. నా రిలీజ్ గురించి. కారులో కాదు. దివానియాలో, కూర్చుని.

అవతల టీవీ గొంతు తగ్గింది.

తర్వాత ముసలి గొంతు అంది, "రా. ముందు కాఫీ తాగుదాం."

బాలకిషన్ చేతిలోంచి రమణి ఫోన్ తీసుకుని తానే కట్ చేసింది.

"బాబా పని అయింది," అంది. "ఇంగ నాకు చెప్పేది ఏమన్నా ఉంటే అది తెలుగులోనే చెప్పు."

చెప్పాడు. వాళ్ళు దిగాల్సిన స్టాపు దాటి బస్సు రెండు స్టాపులు పోయింది.