రాయి మీది చెయ్యి

పందెం ముందు రోజు పడవల షెడ్డు పెళ్ళివారి వంటిల్లులా ఉంటుంది. అందరూ పనిలో ఉన్నట్టే కనిపిస్తారు, పని మాత్రం ఒకరిద్దరే చేస్తుంటారు. ఆ ఒకరిద్దరిలో అతుకులక్క ఉంది. వేడిగాలి యంత్రం చేత్తో పట్టుకుని, పగిలిన కాయక్ పడవ అడుగున ప్లాస్టిక్ కడ్డీని కరిగించి అతుకు వేస్తోంది. ఆ నది మీద దిగే పడవల్లో ఆమె చేతి అతుకు లేనిది వెతికినా దొరకదు. అందుకే ఆ పేరు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే పలకదని షెడ్డులో అనుకుంటారు.

కాలిన ప్లాస్టిక్ వాసన, తడిసి ఆరని రబ్బరు సూట్ల కంపు, ఎవరో పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన టీ వాసన కలిసి గది నిండా పట్టేశాయి. మూలన కొత్తగా చేరిన పిల్లలకి మాస్టారు పాఠం చెబుతున్నారు. ముప్పై ఏళ్ళుగా అదే పాఠం, అదే విసుగు.

"నీళ్ళ హోరులో మాట వినబడదు. చెయ్యే మాట. చెయ్యి ఎప్పుడూ ప్రమాదం వైపు చూపించకూడదు. వెళ్ళాల్సిన దారి వైపే చూపించాలి. ఎదటివాడు ఆలోచించడు. ఎటు చెయ్యి చూపిస్తే అటే వెళ్తాడు. తెలిసిందా?"

తెలిసిందన్నారు పిల్లలు.

"ఫొటోగ్రాఫరు కూడా తెలిసిందనే అనేవాడు," అన్నారు మాస్టారు.

ఫొటోగ్రాఫరు పడవ మనిషి కాదు. మెళ్ళో కెమెరా, ఒంటి మీద బూడిదరంగు రెయిన్‌కోటు, నోటి నిండా కబుర్లు. ప్రతి పందానికీ వచ్చేవాడు. నది మధ్యలో మూపురం అని పిలుచుకునే పెద్ద రాయి ఉంది. దాని మీదెక్కి ఫొటోలు తీసేవాడు. మూపురానికి ఎడమ పక్క దారి. కుడి పక్క జల్లెడ. బండల సందుల్లోంచి నీళ్ళు దూరి పోతాయి, మనిషి మాత్రం పోడు, చిక్కుకుంటాడు. ఎవరైనా కుడికి జరుగుతుంటే ఆయన ఊరుకునేవాడు కాదు. "అదిగో బండలు, అటు చూడు, జాగ్రత్త" అని జల్లెడ వైపే వేలు చూపించేవాడు. కొత్తవాళ్ళు ఆ వేలు చూసి నేరుగా అటే పోయేవాళ్ళు. అతుకులక్క ఆయన చెవినిల్లు కట్టుకుని పోరింది. గోడకి చెప్పినట్టే అయింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మాస్టారు నవ్వేసేవారు.

కిందటేడు పందెం రోజున ఎవరికో అలా చెయ్యి చూపిస్తూ ముందుకి వంగి, కాలు జారి, జల్లెడలోనే పడ్డాడు. నీళ్ళు తగ్గేదాకా ఆయన్ని బయటికి తియ్యలేకపోయారు.

ఆ తర్వాతే పందెం రోజు మూపురం మీద పని తెలిసిన మనిషి నిలబడి దారి చూపించాలని నిర్ణయించారు. ఆ పని అతుకులక్కకి వచ్చింది. పైనుంచి వచ్చేవాళ్ళకి వంపు దగ్గర మూపురం తప్ప ఇంకేమీ కనబడదు. రేపు పడవలన్నీ ఆమె చెయ్యి చూసుకునే దిగాలి. వాటిలో ఆమె తమ్ముడిది కూడా ఒకటి. ఎన్నిసార్లు ములిగినా నవ్వుతూ పైకి తేలతాడని వాణ్ణి బుడగ అంటారు. రేపు వాడికి మొదటి పందెం.

సాయంత్రం కాకముందే మబ్బు పట్టింది. పైన కొండల్లో వాన పడి నది రంగు మారింది. దారి ఇంకా తెరిచే ఉందో లేదో చూసి రమ్మన్నారు మాస్టారు. అతుకులక్క యంత్రం ఆపి లేచింది.

"నేనూ వస్తా," అన్నాడు బుడగ.

"నువ్వెందుకురా?"

"రేపెలాగూ దిగాలిగా. ఈ రోజే భయపడేస్తే ఓ పనైపోతుంది."

ఆమెకి నవ్వొచ్చింది. సరేనంది. ఎర్ర హెల్మెట్, నీలం లైఫ్ జాకెట్ తగిలించుకుంది. పడవలు భుజానికెత్తుకుంటుంటే మాస్టారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, పాతకాపుని చూసొచ్చాను పొద్దున."

పాతకాపు ఆ నదిలోనే జుట్టు నెరిసినవాడు. ఈమధ్యనే మామూలు సాధనలో, పట్టపగలు, నేరుగా జల్లెడలోకి వెళ్ళాడు. ఏ కొమ్మ చేతికందిందో గానీ విరిగిన పక్కటెముకలతో బతికి బయటపడ్డాడు.

"ఏమంటున్నాడు?"

"అదే మాట. చెయ్యి చూపించారుగా, అందుకే వెళ్ళానంటాడు. ఆ రోజు రాయి మీద ఎవరూ లేరమ్మా. తలకి దెబ్బ తగిలిందిలే." అంతటితో ఆ మాట వదిలేసి ఆయన టీ దగ్గరికి వెళ్ళిపోయారు.

నీళ్ళ మీద మంచు పొగలా లేస్తోంది. మొదటి మలుపుల్లో ఇద్దరూ ఆడుకున్నారు. అల మీద పడవ లేచి పడుతుంటే బుడగ కేకలు పెట్టాడు, ఒకసారి పడవతో సహా బోర్లా పడి, అలాగే దొర్లి పైకి లేచాడు, ముక్కులోంచి నీళ్ళు చీదుతూ నవ్వాడు. వాడి పట్టు బాగుంది. రేపు వీడు గెలవకపోయినా పరువుగా దిగుతాడని ఆమెకి గర్వంగా అనిపించింది. అమ్మ అడిగితే ఆ మాటే చెప్పాలనుకుంది.

వంపు పైన ఒడ్డు పక్కన నిలవ నీళ్ళలో వాణ్ణి ఆపింది.

"నేను ముందు దిగి, మూపురం వెనక పడవ ఆపి పైకెక్కుతా. కాసేపాగి వంపు అంచు దాకా వచ్చి చూడు, నా చెయ్యి కనిపించాకే రా. చెయ్యి ఎటుంటే అటు. కనబడకపోతే అక్కడే ఒడ్డు పట్టుకుని ఉండు."

"చిలక్కి చెప్పినట్టు చెప్తావేంటక్కా? తెలుసులే."

ఆమె వంపు తిరిగింది.

హోరు ఒక్కసారిగా పెరిగింది. బురద వాసన, కుళ్ళిన ఆకుల వాసన. నీళ్ళు అనుకున్నదానికంటే ఎత్తుగా ఉన్నాయి. నల్లగా, వేగంగా. మంచులోంచి మూపురం కనిపించింది.

దాని మీద ఎవరో నిలబడి ఉన్నారు.

చెయ్యి చాచి కుడి వైపు చూపిస్తున్నారు.

ఆమె ఆలోచించలేదు. చేతులే ఆలోచించాయి. తెడ్డు ఎడమ పక్క పడింది, పడవ ముక్కు కుడికి తిరిగింది. వరదకి దారి మారిపోయిందేమో, ఎవరో మంచివాళ్ళు ముందే వచ్చి చూపిస్తున్నారేమో అనుకుంది కూడా. అప్పుడు చూసింది. హెల్మెట్ లేదు. లైఫ్ జాకెట్ లేదు. ఒంటికి అంటుకుపోయిన బూడిదరంగు రెయిన్‌కోటు... దాని అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆగకుండా కారుతూనే ఉన్నాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక్కి తోసింది. కుడి భుజం కీలు కలుక్కుమంది. పడవ పక్క బండని రాసుకుంది, కింద ప్లాస్టిక్ చీరుకుపోయిన చప్పుడు. ఇంకోసారి తోసింది. ఇంకోసారి... ముక్కు ఎడమకి తిరిగింది. నీళ్ళు ఆమెని ఎత్తి కిందికి విసిరేశాయి.

కళ్ళు తెరిచేసరికి మూపురం వెనక, నిలవ నీళ్ళలో ఉంది. పడవ తనంతట తనే మెల్లగా తిరుగుతోంది. తల పైనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, రాయి అంచున రెండు కాళ్ళు. చెప్పుల్లేవు. వేళ్ళు ఉబ్బి, తెల్లగా...

అప్పుడర్థమైంది ఆమెకి. ఈ మనిషి చంపడానికి నిలబడలేదు. బతికున్నప్పుడు చేసిన పనే చేస్తున్నాడు. అదిగో బండలు, జాగ్రత్త అంటున్నాడు. పాపం, ఆ బుద్ధి పుడకలతో కూడా పోలేదు. పాతకాపు ఆ చెయ్యినే చూశాడు, నేర్చుకున్న ప్రకారం వెళ్ళాడు.

వంపు పైన బుడగ ఉన్నాడు. వాడూ నేర్చుకున్నాడు.

రాయి ఎక్కాలి. ఎక్కలేదు. ఆ పాదాల పక్కన చెయ్యి వెయ్యలేదు.

"అన్నా," అంది.

పాదాలు కదల్లేదు.

"అన్నా... అటు కాదు. నువ్వు చూపించిన వైపే వస్తాం మేం. దారి చూపించు. బండలు కాదు, దారి. నా తమ్ముడున్నాడు పైన... ఎడమకి చూపించు. నీకు దణ్ణం పెడతా."

నీళ్ళ హోరు. ఎంతసేపో తెలియదు. రాయి మీది పాదం మెల్లగా తిరిగింది. తడి గుడ్డ పిండినప్పటి చప్పుడు. ఆమె తలెత్తి చూడలేదు. ఆమె చూస్తున్నది ఎడమ పక్క దారినే.

ఆ దారిలోంచే వచ్చాడు బుడగ. నురగలోంచి బంతిలా ఎగిరి, కేక పెట్టి, తిరిగి ఆమె పక్కకొచ్చి ఆగాడు. ఆమె వాడి జాకెట్ పట్టీ పట్టుకుని దగ్గరికి లాక్కుంది. ఏడుపు ఆగలేదు. కిందటేడు ఎంత పోరినా తలకెక్కనిది ఇవాళ ఎక్కిందనుకుంది. మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టింది.

"ఏడుస్తావేంటక్కా? బాగానే వచ్చాగా. నువ్వు అంత స్పష్టంగా చూపించాక చిన్నపిల్లాడైనా వస్తాడు."

"నేనా?"

"నువ్వే. ఎర్ర హెల్మెట్ ఎంత దూరం నుంచైనా కనబడుతుంది." బుడగ రాయి వైపూ ఆమె వైపూ చూశాడు. "అవునూ, అంతలోనే ఎప్పుడు దిగావ్?"

ఆమె తెడ్డు వేసి, ఒక చేత్తో వాడి పడవని లాక్కుంటూ, నిలవ నీళ్ళలోంచి బయటికి వచ్చింది. ఆ రాయి కింద ఉండలేకపోయింది. కొంచెం దిగువకి వెళ్ళి ఒడ్డు కొమ్మ పట్టుకుని ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగింది.

మూపురం మీద ఎర్ర హెల్మెట్ పెట్టుకున్న ఆడమనిషి నిలబడి ఉంది. నీలం లైఫ్ జాకెట్. కుడి భుజం కాస్త కిందికి వాలి ఉంది. అతుకులక్క కుడి భుజం అలాగే సలుపుతోంది.

"అక్కా," అన్నాడు బుడగ, గుసగుసగా. "అదెవరు?"

వంపు పైనుంచి ఈల వినిపించింది. మాస్టారి ఈల. వీళ్ళు ఇంకా రాలేదని ఆయనే బయల్దేరినట్టున్నారు. దిగొచ్చా అని అడుగుతున్నారు.

అతుకులక్క ఈల నోట్లో పెట్టుకుని ఊపిరంతా పెట్టి ఊదింది. తెడ్డు ఎత్తి ఊపింది. ఆ హోరుకి ఎదురెక్కి ఈల వంపు దాకా పోయినట్టు లేదు. మంచు వాళ్ళిద్దరి చుట్టూ దట్టంగా కమ్ముకుని ఉంది.

రాయి మీది చెయ్యి లేచింది. మెల్లగా చాచుకుని... కుడి వైపు ఆగింది.

అది పాత అలవాటో, ఎటు చూపిస్తే అటే వస్తారని కొత్తగా నేర్చుకున్నదో ఆమెకి తెలియలేదు. వంపు దగ్గర మాస్టారి పసుప్పచ్చ పడవ ముక్కు కనిపించింది. ఒక్క క్షణం ఆగింది. మాస్టారు మూపురం వైపు చూసి, అర్థమైందన్నట్టు తెడ్డు పైకెత్తారు.