వెన్నలా జారిన ట్రిగ్గర్

తూర్పు యూరప్‌లో ఒక రాజధాని. హోటల్ గాజు తలుపుని బాడీగార్డు రెండు చేతులూ ఆనించి భుజంతో నెట్టాడు. కోటు లోపల, చంక కింద ఉన్న అతని పిస్టల్ పేలింది. వెనక నడిచి వస్తున్న దౌత్యవేత్త అక్కడికక్కడే కూలిపోయాడు.

పేలినప్పుడు బాడీగార్డు చేతులు రెండూ తలుపు మీదే ఉన్నాయి. ఆ మాట అతను జైల్లో ఇప్పటికీ చెబుతున్నాడు. వినేవాడు లేడు. ల్యాబ్‌లో ఆ పిస్టల్‌ని ఎత్తునుంచి పడేసినా, సుత్తితో కొట్టినా పేలలేదు మరి.

ఢిల్లీలో రామ్మోహనరావు ఇదంతా నాలుగు ముక్కల్లో చెప్పి, బల్లమీద రెండు పిస్టల్స్ పెట్టాడు. ఆయన గూఢచారి విభాగంలో విదేశీ డెస్కుకి పెద్ద. ఎదుటివాడికి మెప్పూ టీ రెండూ ఇవ్వని మనిషి. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ రాధాకృష్ణకి అది అలవాటే.

"రెండూ స్ట్రైకర్ ఫైర్డ్. బయటికి కనపడే హ్యామర్ ఉండదు. ఖాళీవే. ఎడమది నొక్కు."

నొక్కాడు. ట్రిగ్గర్ కదల్లేదు.

"బొటనవేలి దగ్గర మీట ఉంది చూడు. మాన్యువల్ సేఫ్టీ. అది దించితే గానీ పేలదు. కంగారులో దించడం మర్చిపోయి చచ్చినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు కుడిది."

కుడిదానికి మీట లేదు. ట్రిగ్గర్ మధ్యలోనే ఇంకో సన్నటి నాలుక ఉంది. వేలు దానిమీద సరిగ్గా పడితేనే ట్రిగ్గర్ కదులుతుంది.

"ఎలా ఉంది?"

"మొదట కాస్త బరువు. తర్వాత గోడ తగిలినట్టు ఆగుతోంది. గోడ దాటితే టక్."

"ఆ మొదటి బరువు గుర్తుపెట్టుకో. లోపల స్ట్రైకర్‌కి, అంటే గుండుని కొట్టే సూదికి, అడ్డంగా ఒక బ్లాక్ ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు దాన్ని స్ప్రింగ్ మీద పైకి నెడుతున్నావు. అది అడ్డున్నంతసేపూ గన్ కిందపడ్డా పేలదు. దాన్ని పీకేసి, స్ట్రైకర్‌ని పట్టుకునే కొక్కేన్ని అరగదీస్తే?"

"గట్టిగా కుదిపితే చాలు."

"మన బాడీగార్డులందరికీ ఇప్పుడు ఈ కుడిదే ఇచ్చాం. ఛాంబర్‌లో గుండుతో, చంక కింద అడ్డంగా పెట్టుకుంటారు. గొట్టం వెనక్కి చూస్తూ ఉంటుంది. వెనక ఎవరుంటారో నీకు చెప్పక్కర్లేదు."

రాధాకృష్ణ పిస్టల్ కిందపెట్టాడు. "మరి ల్యాబ్‌లో ఎందుకు పేలలేదు సార్?"

"అదే నువ్వు కనుక్కోవాలి. చేసింది మెరిడియన్ ముఠా. ఈసారి వాళ్ల కన్ను బాలత్రిపురసుందరి గారి మీద పడింది."

ఆవిడ ఉపగ్రహాల శాస్త్రవేత్త. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక ఫ్యాక్టరీలో మనకోసం తయారైన యాంటెన్నాని శనివారం పరీక్షించి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడితే మెరిడియన్ వాళ్ల సముద్రపు దొంగరవాణా అంతా మన కళ్ల ముందుంటుంది. ముందురోజు శుక్రవారం మధ్యాహ్నం నుంచి సెలవు, పైగా మహానవమి. అబూదాబీ పక్క బనియాస్‌లో ఆవిడ దిగిన గెస్ట్‌హౌస్‌లో తెలుగు కుటుంబాలు ఆయుధపూజ పెట్టుకున్నాయి.

"నువ్వు పురోహితుడివి. అక్కడ ఈవెంట్ మేనేజర్ అలేఖ్య మన మనిషే. నువ్వెవరో ఆవిడకొక్కర్తికే తెలుసు. సుందరిగారి బాడీగార్డు దేవేందర్‌కి చెప్పకు. ఏమో, అతన్నే కొనేశారేమో. ఇదిగో పంచాంగం. అట్టలో ట్రాన్స్‌మీటర్ ఉంది."

* * *

రాధాకృష్ణకి తాతగారు నేర్పిన మంత్రాల్లో సగం గుర్తున్నాయి. మిగతా సగం గంట మోతలో కలిపేశాడు. ఎవరికీ అనుమానం రాలేదు. పరదేశంలో పురోహితుడు దొరకడమే గొప్ప, పరీక్షలెవరు పెడతారు?

అమ్మవారి ముందు లాప్‌టాప్‌లూ, కారు తాళాలూ, ఎవరిదో స్టెతస్కోపూ పెట్టారు. వాటి మధ్య దేవేందర్ పిస్టల్. మ్యాగజైన్ తీసి తన జేబులో వేసుకుని ఖాళీ పిస్టల్ మాత్రమే పెట్టాడు దేవేందర్. కరీంనగర్ పక్కవాడు, కమాండో ట్రైనింగ్ అయినవాడు. మూడేళ్లుగా సుందరిగారి నీడలా తిరుగుతూ, 'మేడమ్' అని ఒకసారీ 'అమ్మా' అని పదిసార్లూ పిలుస్తాడు. అతన్ని ఎవరో కొన్నారంటే నమ్మడం రాధాకృష్ణకి కష్టంగానే ఉంది.

నెమలికంఠం రంగు పట్టుచీరలో అలేఖ్య హారతి పళ్లెం అందిస్తూ గొంతు తగ్గించింది. "కొబ్బరికాయ వంకరగా పగిలిందేమండీ?"

"నీళ్లు మాత్రం తియ్యగానే ఉన్నాయమ్మా," అన్నాడు రాధాకృష్ణ. కోడ్ సరిపోయింది. ఆమె నవ్వింది. ఆ నవ్వుకి మెరిడియన్‌లో ఇద్దరు ముగ్గురు నోరు జారారని డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు.

పూజ అయింది. దేవేందర్ వంగి పిస్టల్ కోసం చెయ్యి చాపాడు.

"పంతులు గారూ," అలేఖ్య అందరికీ వినపడేలా అడిగింది, "పూజలో పెట్టినవి రేపు ఉద్వాసన చెప్పేదాకా ముట్టుకోకూడదు కదండీ?"

ఇరవై జతల కళ్లు రాధాకృష్ణ వైపు తిరిగాయి. అసలు పురోహితుడైతే ఏం చెబుతాడో అదే చెప్పాడు. "ముట్టుకోకూడదమ్మా."

దేవేందర్ చెయ్యి వెనక్కి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. ఆడవాళ్లు లలితా సహస్రనామానికి కూర్చున్నారు. మొగవాళ్లు బయటికొచ్చారు. దేవేందర్ గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లోపల పువ్వులు సర్దుతూ తిరుగుతున్నది అలేఖ్య ఒక్కతే.

* * *

శనివారం ఉదయం ఉద్వాసన చెప్పించుకుని దేవేందర్ పిస్టల్ తీసుకున్నాడు. ఖాళీగా ఒకసారి నొక్కి చూసి, మ్యాగజైన్ పెట్టి, గుండు ఛాంబర్‌లోకి ఎక్కించి, చంక కింద హోల్‌స్టర్‌లో పెట్టుకున్నాడు. సుందరిగారు రాధాకృష్ణని కూడా కారెక్కించారు.

"దారిలోనే కదండీ, పంతులు గారూ. దుబాయ్‌లో దింపేస్తాం. ఎండలో టాక్సీ కోసం ఎక్కడ నిలబడతారు?"

ముందు స్థానిక పోలీసు కారు. తర్వాత వీళ్లది. వెనక అలేఖ్య తెల్ల ఎస్‌యూవీ. స్టీరింగ్ దగ్గర పెషావర్ అమీర్ జాన్, అతని పక్కన దేవేందర్. దేవేందర్ వెనక సీట్లో సుందరిగారు, ఆవిడ పక్కన రాధాకృష్ణ.

హైవే మీద ప్రయాణం హాయిగా సాగింది. దేవేందర్ మంచి హుషారుగా ఉన్నాడు.

"అయ్యగారు, మీ పూజ మస్తు పనిచేసింది. పొద్దుగాల ట్రిగ్గర్ చెక్ చేసిన. మక్ఖన్ లెక్క పోతున్నది. ఇన్నేండ్ల నుంచి పట్టుకుంటున్న, ఎన్నడు గంత నున్నగ లేకుండె. అమ్మవారి దయ."

రాధాకృష్ణ నవ్వబోయి ఆగిపోయాడు. వెన్నలానా? కుంకుమ పొడి పడితే ట్రిగ్గర్ గరగరలాడాలి గానీ నున్నబడదు. బరువేమైంది? గోడేమైంది?

ముట్టుకోకూడదని చెప్పింది తనే. అడిగింది అలేఖ్య. వేషం బాగా కుదిరిందని నిన్న సాయంత్రం మురిసిపోయాడు కూడా. తన నోటితోనే ఒక మనిషి చావుకి ముహూర్తం పెట్టాడు. దేవేందర్ చంక కింద గొట్టం ఇప్పుడు సరిగ్గా సుందరిగారి గుండె వైపు చూస్తోంది. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటున్నారు.

కారు ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోకి తిరిగింది. లారీల వేగం తగ్గించడానికి రోడ్డుకి అడ్డంగా ఎత్తయిన స్పీడ్ బ్రేకర్లు వరసగా ఉన్నాయి. ఈ రూటు చెప్పింది కూడా అలేఖ్యే.

"అమీర్ భాయ్, ధీరే. బ్రేక్ మత్ మారో. గాడీ ఆప్ హీ రుక్‌నే దో."

"క్యా హువా పండిత్‌జీ?" అమీర్ జాన్ బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. ముందున్న పోలీసు కారు బ్రేకర్ దాటి వెళ్లిపోయింది.

దేవేందర్ మొహం మారింది. కారు ఎందుకాపుతున్నాడు ఈ పంతులు? అతని కుడిచెయ్యి కోటు లోపలికి కదిలింది. "అయ్యగారు, చేతులు కనపడనియ్యి."

"దేవేందర్, చెయ్యి అక్కడే ఆపు. ఆ పిస్టల్ కదిలితే నీ వెనకున్న అమ్మ పోతుంది."

"ఎవరు నువ్వు?"

"తర్వాత చెబుతాను. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు. పొద్దున నొక్కినప్పుడు మొదటి బరువు తగిలిందా?"

పురోహితుడి నోట ఆ ప్రశ్న దేవేందర్ ఎన్నడూ వినలేదు.

"గోడ తగిలిందా? నీ వేలికి తెలుసు. ఆలోచించి చెప్పు."

"తగల్లె," అన్నాడు దేవేందర్. "బరువు లేదు. గోడ లేదు. సీదా పోయింది."

"స్ట్రైకర్ బ్లాక్ లేదు. అది నీ పిస్టల్ కాదు."

దేవేందర్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చెమట చెంప మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. ఊపిరి కూడా భయంగానే తీస్తున్నాడు. కారు బ్రేకర్‌కి కాస్త ఇవతల మెల్లగా ఆగింది.

"అమ్మా, మీరు నా వైపు జరగండి. మెల్లగా."

"ఏమిటండీ ఇదంతా?" అన్నారు సుందరిగారు గాభరాగా.

రాధాకృష్ణ అద్దంలోకి చూశాడు. వెనక ఎస్‌యూవీ ఆగలేదు. వేగం పెంచింది.

మర్యాద చూసే టైము లేదు. ఆవిడ రెండు భుజాలూ పట్టుకుని తన ఒళ్లోకి లాగేశాడు. ఎస్‌యూవీ వెనక నుంచి గుద్దింది. కారు ఎగిరిపడింది. ఢాం అని చెవులు చిల్లులుపడే మోత. ముందు సీటుకీ, సుందరిగారు ఆ క్షణం దాకా ఆనుకున్న సీటుకీ ఒకే వరసలో చిల్లు పడింది. కారంతా మందు వాసన.

"అమ్మా," అన్నాడు దేవేందర్ వెనక్కి తిరక్కుండానే. తిరగడానికి ధైర్యం చాలలేదు. "అమ్మా, ఉన్నరా?"

"ఉన్నాను నాయనా," అన్నారావిడ రాధాకృష్ణ ఒళ్లోంచి. "కళ్లజోడే ఎక్కడో పడింది."

దేవేందర్ డాష్‌బోర్డు మీద తల పెట్టి ఏడ్చేశాడు.

అలేఖ్య పరిగెత్తుకొచ్చింది. నల్లద్దాల వెనక సీటు వైపు చూడనే లేదు. ముందు డోర్ లాగింది. "బ్రేక్ పడలేదు దేవేందర్, సారీ. అయ్యో, గన్ పేలిందా? ఇలా ఇచ్చెయ్. పోలీసులు వచ్చేలోపు నేను చూసుకుంటా. నీకేం కానివ్వను." ఒక చెయ్యి పిస్టల్ కోసం చాచింది. రెండో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ జిప్ మీద ఉంది.

రాధాకృష్ణ అటువైపు దిగి, కారు చుట్టూ వచ్చి ఆ బ్యాగ్ పట్టుకున్నాడు. "పేలిన శబ్దం వింటే ఎవరైనా ముందు మనిషిని చూస్తారు అలేఖ్య గారూ. మీరు గన్ అడుగుతున్నారు."

బ్యాగ్‌లో ఇంకో పిస్టల్ ఉంది. అదే మోడల్, అదే నంబరు, మీద పసుపూ కుంకుమా. అసలు దేవేందర్‌ది. ఇక్కడి గొడవలో దీన్ని అతని హోల్‌స్టర్‌లోకి మార్చేస్తే, ల్యాబ్‌వాళ్లు ఎంత సుత్తితో కొట్టినా పేలదు. జైల్లో ఉన్న ఆ బాడీగార్డులాగే దేవేందర్ కూడా జన్మంతా నేను గన్ ముట్టనే లేదని చెప్పుకుంటూ కూర్చునేవాడు.

"ఎప్పట్నుంచి?" అడిగాడు రాధాకృష్ణ.

"మీవాళ్లు నన్ను నమ్మిన రోజు నుంచి," అంది అలేఖ్య. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. వెనక్కి తిరిగొచ్చిన పోలీసు కారు వైపు తనే నడిచింది.

పోలీసు అధికారి రెండు పిస్టల్స్‌నీ ఖాళీ చేయించాడు. దేవేందర్ అసలు పిస్టల్‌ని అతని చేతికి ఒకసారి ఇవ్వమని రాధాకృష్ణ అడిగాడు. దేవేందర్ దాన్ని నేలకి గురిపెట్టి మెల్లగా నొక్కాడు. బరువు. గోడ. టక్.

"ఉన్నది సార్," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. అయ్యగారు కాస్తా సార్ అయిపోయాడు.

"ముట్టుకోవద్దని నిన్న నీకు చెప్పింది నేనే దేవేందర్. తప్పు నాదే."

"మీరు అడగకపోతే నేనే అమ్మను సంపుతుంటి సార్. వదిలెయ్యుండ్రి."

రాధాకృష్ణ పంచాంగం అట్ట తెరిచాడు. రామ్మోహనరావు అంతా విని, "సంతకం?" అన్నాడు.

"ఆవిడ బయల్దేరుతున్నారు సార్."

ఫ్యాక్టరీ వాళ్లు వేరే కారు పంపారు. అమీర్ జాన్ దాని స్టీరింగ్ పట్టుకున్నాడు. దేవేందర్ అలవాటు కొద్దీ ముందు డోర్ తీసేలోపే సుందరిగారు వెళ్లి ఆ సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

"అమ్మా, అండ్ల నేను కూసోవాలె. రూల్."

"తెలుసు నాయనా. ఆ రూల్ ప్రకారమే ఇందాక పోయేదాన్ని. నువ్వు వెనకెక్కు, ఆ మొహం కడుక్కుని కాసిని మంచినీళ్లు తాగు."

దేవేందర్ ఖాళీ హోల్‌స్టర్‌తో వెనక సీటెక్కి బుద్ధిగా కూర్చున్నాడు. అమీర్ జాన్ పక్కనున్న ఆవిడని చూశాడు, అద్దంలో అతన్ని చూశాడు, ఇద్దరిలో వీఐపీ ఎవరో తేల్చుకోలేక కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"పండిత్‌జీ, ఇన్‌మే వీఐపీ కౌన్ హై?"

"ఆజ్ కే లియే," అన్నాడు రాధాకృష్ణ వెనక సీటు వైపు చూపిస్తూ, "పీఛేవాలా."