చివరి రెండు మేకలు

పొన్నలకోట రాజ్యంలో పులిమేక ఆడనివాళ్ళు లేరు. అరుగుల మీద సుద్దతో గీతలు గీసి, చింతగింజలను పులులుగా, గులకరాళ్ళను మేకలుగా పెట్టుకుని పిల్లలూ పెద్దలూ ఆడేవారు. వెనక తోడులేని మేక మీదుగా పులి దూకితే ఆ మేక చచ్చినట్టు. మేకలన్నీ కలిసి పులులను ఎటూ కదలనివ్వకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. ఎవరు గెలిచినా సరే, ఆట అయ్యాక ఇద్దరూ ఒకరికొకరు దండం పెట్టుకుని, "నువ్వు ఆడబట్టే నాకు ఆట" అనుకుని, గీతలను కలిసి చెరిపేసేవారు. అది అక్కడి ఆచారం.

ఆ ఆటనే మనుషులతో ఆడించి చూపే నాటక బృందం ఒకటి ఉండేది. నేల మీద పెద్దగా గీతలు గీసేవారు. వేషగాళ్ళే పులులు, వేషగాళ్ళే మేకలు. చివరి రెండు మేకలు మాత్రం చూసేవాళ్ళలోంచి రావాలి. ఆ రెండు చోట్ల కోసం పిల్లలు, తాతలు కూడా పోట్లాడుకునేవారు!

ఆ బృందంలో పెద్దపులి వేషం సారంగుడిది. అతనికీ వకుళకూ పెళ్ళయిన పసుపు ఇంకా ఆరలేదు. ముఖానికి పసుపు పూసి, కాటుక చారలు దిద్దేది వకుళే. ఆట ముగిశాక సారంగుడు పులిపంజా లాంటి తన పిడికిలి విప్పేవాడు. అందులో ఆమె కోసం దాచిన బెల్లం ముక్క ఉండేది. చెమటకు కరిగి అరచేతికి అంటుకుపోయిన ఆ బెల్లం కంటే తీపి వస్తువు లోకంలో లేదని వకుళ నమ్మకం.

ఒకనాడు చందనసేన మహారాజు ఆ నాటకాన్ని కోట ముంగిట బండ నేల మీద ఆడించాడు. మేకలన్నీ కలిసి రెండు పులులను కట్టేశాయి. ఇక పెద్దపులి ఒక్కటే మిగిలింది. చివరి రెండు మేకలను పిలవబోతుండగా రాజు ఆనందం పట్టలేక లేచి నిలబడ్డాడు.

"ఆగండి! ఎక్కడివాళ్ళక్కడే ఉండండి. ఇంత అందమైన ఆట చెరిగిపోవడమా? శిల్పుల్ని పిలవండి. ఈ గీతల్ని ఈ బండ మీదే చెక్కిస్తాను!" అన్నాడు.

చివరి ఉలిదెబ్బ పడగానే వేషగాళ్ళ ఒంటి మీద నిజమైన బొచ్చు మొలిచింది. పులులు పులులయ్యాయి, మేకలు మేకలయ్యాయి. గీతలు దాటి ఒక్కరూ బయటికి రాలేకపోయారు. సారంగుడు ఆకలితో గాండ్రిస్తూ తిరగసాగాడు. జనం చెల్లాచెదురయ్యారు.

వకుళ ఏడుస్తూ కూర్చోలేదు. నడుముకు కొంగు బిగించి, కొండ మీది మునీశ్వరుడి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఉడుతతో వామనగుంటలు ఆడుతున్నాడు. ఉడుత గింజలు తినేస్తోంది.

"స్వామీ, నా భర్త పులి అయ్యాడు," అంది వకుళ.

"తెలుసు తల్లీ. ముగియని ఆటను నేల వదిలిపెట్టదు. ఆట పూర్తికావాలి, దండాలు పెట్టుకోవాలి, గీతలు చెరగాలి. ఈలోగా అతను ఒక్క మేకను తిన్నాడో, మళ్ళీ మనిషి కాలేడు."

"అయితే నేనే పోయి అతని ఎదుట నిలబడతాను."

"నిలబడు. నీ వెనక ఎవరు నిలబడతారు? వెనక తోడు లేకపోతే నీ మీదుగానే దూకుతాడు. మిగతా మేకలు తక్కిన పులుల్ని పట్టి ఉంచాయి, అవి కదలకూడదు. పులికి జంకనివాడు ఒక్కడే ఉన్నాడు, నల్లగుట్ట మీది డోలోదరుడు. వాడు రాక్షసుడు. ఆటలో ఓడినవాళ్ళను తింటానంటాడు. ఇంతవరకు వాణ్ణి ఓడించినవాడు లేడు."

"చాలా సంతోషం స్వామీ!" అంది వకుళ.

"ఇందులో సంతోషమేముందే?"

"ఒక్కడైనా ఉన్నాడన్నారుగా! అది చాలు," అని ఆయనకు మొక్కి బయలుదేరింది.

నల్లగుట్టకు అడ్డంగా అడుగు కనిపించని లోయ ఉంది. దాని అంచున రెండుతలల గండభేరుండ పక్షి తనతో తానే తగవు పడుతోంది.

"గింజలు చూసేశావు, దొంగమొహమా!" అంది ఎడమ తల.

"నీ పక్కనే ఉన్నాను కదుటే! కళ్ళు ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది కుడి తల.

పాపం, ఆ పక్షికి సరి బేసి ఆడాలని కోరిక. కాలి పిడికిట్లో గింజలు పట్టుకుంటే రెండు తలలకూ కనబడుతున్నాయి! వకుళ పకపకా నవ్వి, తన పెళ్ళిచీర కొంగు చింపి కుడి తల కళ్ళకు గంతలు కట్టింది.

"ఇప్పుడు చెప్పక్కా, సరా, బేసా?" అంది వకుళ.

"బేసి!" అంది కుడి తల.

"అయ్యో, నిజంగానే బేసి!" అని ఎడమ తల ఓడిపోయి కూడా గంతులు వేసింది. ఆ సంబరంలో పక్షి వకుళను వీపు మీద ఎక్కించుకుని లోయ దాటించింది.

గుట్ట మీద డోలోదరుడు కూర్చుని ఉన్నాడు. డోలు లాంటి పొట్ట, చేటల్లాంటి చెవులు.

"పిల్లా! నాతో పులిమేక ఆడతావా? ఓడితే నంజుకు తింటాను!" అన్నాడు.

"ఆడతాను మామా. సుద్ద ఉందా?"

రాక్షసుడు తెల్లబోయాడు. ఆట మొదలైంది. వకుళ మేకలు ఒక్కొక్కటే పోయాయి. ఆమె ఓడిపోతోందని ఇద్దరికీ తెలిసిపోయింది.

"ఇంకా పారిపోవేం?" అని గొణిగాడు డోలోదరుడు.

"ఆట మధ్యలో ఎవరైనా లేస్తారా మామా?" అంటూ వకుళ చివరి మేకను కూడా కదిపింది. పులి దూకింది. ఆట అయిపోయింది.

వకుళ కళ్ళు మూసుకుని, చేతులు జోడించింది. "డోలోదర మామా, నువ్వు ఆడబట్టే నాకు ఆట. రా, గీతలు చెరుపుదాం. ఆ తర్వాత నీ ఇష్టం."

ఎంతసేపటికీ ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచి చూస్తే రాక్షసుడి కళ్ళ నుంచి కుండలకొద్దీ నీళ్ళు కారుతున్నాయి.

"తింటానని ఊరికే బెదిరిస్తాను పిల్లా! అందరూ సగంలోనే పరుగు. నా పుట్టుకలో ఒక్కరూ చివరిదాకా కూర్చోలేదు. గెలిస్తే ఇట్లా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది. ఏం కావాలో అడుగు."

"నా వెనక మేకగా నిలబడాలి మామా."

"మేకగానా? నేనా?" అని తన పొట్ట చూసుకుని, "మే... మే... ఇట్లాగేనా?" అని సాధన మొదలుపెట్టాడు.

మర్నాడు పొన్నలకోట జనం గోడల వెనక నుంచి తొంగిచూశారు. వకుళ గీతల లోపలికి అడుగుపెట్టి పెద్దపులి ఎదుట నిలబడింది. పులి నడుము వంచి దూకడానికి సిద్ధమైంది. అప్పుడు ఆమె వెనక ఖాళీ చోటులోకి డోలోదరుడు వచ్చి నిలిచి, దిక్కులు అదిరేలా "మే!" అన్నాడు.

పులికి దూకేందుకు చోటు లేదు, కదిలేందుకు దారి లేదు. తల వాల్చేసింది.

వకుళ ఆ చారల తల ముందు మోకరిల్లింది. "నువ్వు ఆడబట్టే నాకు ఆట. రోజూ అనవలసిన మాట, ఇంత దూరం తిరిగి వచ్చి అంటున్నాను," అంది.

పులి ముందుకాళ్ళు రెండూ దగ్గరికి చేర్చి దండం పెట్టింది. అయినా దాని ఒంటి మీద ఒక్క వెంట్రుక కూడా రాలలేదు.

"గీతలు! బండ మీద చెక్కిన గీతలు ఎట్లా చెరుగుతాయి?" అని రాజు తల పట్టుకున్నాడు.

"రోజూ ఇల్లు అలికేవాళ్ళను అడగండి ప్రభూ," అంది వకుళ. "ఎర్రమట్టి, పేడ, కాసిన్ని నీళ్ళు తెప్పించండి."

అలుకుగుడ్డ మొదట పట్టుకున్నది రాజే. పట్టుపంచె ఎగ్గట్టి, మోకాళ్ళ మీద వంగి, "నా అత్యాశ మన్నించండి. మీరు ఆడబట్టే నాకు ఆట," అంటూ ఒక్కొక్క గీతనూ మట్టితో పూడ్చాడు. జనమంతా వచ్చి చేయి వేశారు. పులి కూడా పంజాతో మట్టి నెట్టింది. చివరి గీత పూడగానే పులులూ మేకలూ మనుషులయ్యారు.

సారంగుడు ముఖాన పసుపుతో, మోచేతుల దాకా మట్టితో వకుళ ముందు నిలబడ్డాడు. ఆట ఆగిన రోజు నుంచి ముడిచే ఉన్న పిడికిలి విప్పాడు. బెల్లం ముక్క!

"మట్టి అంటుకుంది, వద్దులే," అన్నాడు సిగ్గుపడుతూ.

"ఇచ్చేయండి, మాట్లాడకుండా," అని వకుళ నోట్లో వేసుకుని, సగం కొరికి డోలోదరుడికి ఇచ్చింది. ఆ కాస్త ముక్కకే రాక్షసుడు పొట్ట నిమురుకున్నాడు.

రాజు వాళ్ళకు కోట పక్కనే ఇల్లు కట్టించాడు. దాని ముందరి అరుగు మాత్రం మట్టిదే కావాలని వకుళ పట్టుబట్టింది. పిల్లలూ, ఇప్పటికీ అక్కడ పొద్దున్నే గీతలు గీస్తారు, చీకటి పడకముందే చెరిపేస్తారు. చివరి రెండు మేకల్లో ఒక చోటు కోసం అందరూ పోట్లాడుకుంటారు. రెండోది మాత్రం డోలోదరుడిది.