చెరిగిన ఏడు పంక్తులు

మల్లేశం ఆ ఫ్లాటు తలుపు తట్టలేదు, అరచేత్తో బాదాడు. తలుపు తీసిన ఇస్రాయేలుకు ముందుగా అతని చొక్కాకు అంటిన ఖర్జూరపు జిగురు కనిపించింది.

"శ్రీవాణి మేడమ్ ఉన్నదా? బర్కా కెల్లి వచ్చిన సార్. మా తిరుపతమ్మక్కను పోలీసులకు పట్టిస్తరట."

అది 1996 జూన్ నెల. శ్రీవాణి హైదరాబాదులో నేరపరిశోధన ప్రయోగశాలలో పదకొండేళ్ళు దస్తావేజుల నిపుణురాలిగా పనిచేసింది. భర్త ఉద్యోగం వల్ల మస్కట్ వచ్చాక, దార్సైట్‌లోని ఆ ఇంటి ముందుగదిలో కూర్చుని ప్రైవేటుగా విచారణలు చేసిపెడుతోంది. ఇస్రాయేలు ఆమె సహాయకుడు. ఆమెకంటే పన్నెండేళ్ళు పెద్దవాడు, అమలాపురంలో టైపిస్టుగా పేరు తెచ్చుకున్నవాడు. అయినా ఆమె చెప్పింది పొల్లుపోకుండా రాసుకోగలగడమే తన అదృష్టమని అతని నమ్మకం.

"కూర్చుని చెప్పు," అంది శ్రీవాణి.

మల్లేశం కూర్చోలేదు. "మా షేక్ సాబ్ దగ్గర తోలు పుస్తకం ఒకటున్నది మేడమ్. మస్తు పాతది. దాంట్ల ఒక ఆకు మూడు దినాల కింద మాయమైంది. ఇయ్యాల పొద్దుగాల అక్క పెట్టెల దొరికింది. కడిగి ఖరాబ్ చేసినవని షేక్ సాబ్ గరమైండు. మూడున్నరకు అసర్ నమాజ్ కాంగనే పోలీసులను పిలుస్తనన్నడు. పాస్‌పోర్ట్ ఆయన దగ్గర్నే ఉన్నది. జైల్ల ఏస్తే అడిగెటోడు లేడు."

"ఆమె నీకేమవుతుంది?"

"ఏం గాదు. నాది కోరుట్ల, ఆమెది కడప దిక్కు. నాకు టైఫాయిడ్ వస్తే నెలదినాలు గంజి పోసింది. గంతే."

"ఆ మాత్రం చాలు. ఇస్రాయేలు గారూ, భూతద్దం తీసుకోండి."

మల్లేశం పికప్‌లో వాళ్ళు మస్కట్ అవతల ఉన్న బర్కాకు, షేక్ తోటకు చేరేసరికి పదకొండు దాటింది. తోటలో కూలీలు ఖర్జూరపు గెలలు దింపుతున్నారు. షేక్ హమూద్ డెబ్భై ఏళ్ళ మనిషి. వయసులో బొంబాయిలో వ్యాపారం చేసినవాడు కాబట్టి హిందీ ధారాళంగా మాట్లాడతాడు. ఆయన కోపం అరుపుల్లో లేదు. పెదవులు బిగించి, గాజుపలక మీద ఉన్న ఆకును చూపించాడు. ఆయన పక్కనే డాక్టర్ గంగాప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఆయన గణిత చరిత్ర పండితుడు; ఆ గ్రంథాన్ని చదవడానికి ఏడాదిన్నరగా షేక్ ఇంట్లోనే ఉంటున్నాడు.

"వెయ్యేళ్ళ కిందట, ఒక గ్రీకు గణితజ్ఞుడి రచనను ఈ చర్మపు ఆకుల మీద ఎవరో రాసుకున్నారమ్మా," అన్నాడు గంగాప్రసాద్. "చర్మం అంత సులువుగా దొరికేది కాదు. రెండు మూడు వందల ఏళ్ళ తరువాత ఒక క్రైస్తవ మఠంలో సన్యాసులు ఆ రాతను గీకేసి, ఆకును అడ్డంగా తిప్పి, పైన అరబ్బీలో ప్రార్థనలు రాశారు. కింది రాత మామూలు కంటికి కనబడదు. అతినీలలోహిత దీపం వేస్తే నల్లగా తేలుతుంది. ఆ రచనకు లోకంలో మరో ప్రతి లేదు."

"రెండు రాతలకూ సిరా ఒకటేనా?"

"కాదు. పైది దీపపుమసి సిరా. చర్మం మీద కూర్చుంటుంది. కిందిది ఇనుప సిరా, చర్మంలోకి దిగుతుంది. కాబట్టే గీకినా బతికింది."

"ఈ ఆకు మీద ఏముండేది?"

"ఒక వంపు ఘనాకారపు పరిమాణానికి పూర్తి నిరూపణ. నిరుడు విదేశీ పత్రికలో ప్రకటించాను. ఎల్లుండి జర్మనీ నుంచి నిపుణులు కొత్తరకం కెమెరాతో వస్తున్నారు. ఇప్పుడు వాళ్ళకు నేనేం చూపించాలి?" ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇస్రాయేలు మనసు కరిగింది.

శ్రీవాణి ఆకు మీదికి వంగి వాసన చూసింది. నిమ్మపులుసు వాసన.

"షేక్ సాహెబ్, పై రాత ఒకసారి చదువుతారా?"

షేక్ ఎక్కడా తడబడకుండా చివరిదాకా చదివాడు. ఒక్క అక్షరం చెదరలేదు.

ఆకులన్నీ ఫొటోల కోసం కుట్టు విప్పి ఒక పెట్టెలో ఉంచారనీ, ఆ దీపం ఉన్న గదిలో పనిచేసేది గంగాప్రసాద్, ఫొటోగ్రాఫర్ జిలాని మాత్రమేననీ, ఊడ్చి తుడిచేది తిరుపతమ్మేననీ షేక్ చెప్పాడు.

తిరుపతమ్మ వంటింటి వెనక గదిలో, మూతతీసిన ఇనప్పెట్టె పక్కన కూర్చుని ఉంది. ఏడవడం లేదు. చీరలు మళ్ళీ మడతపెడుతోంది.

"నువ్వు కడిగావా?" అని అడిగింది శ్రీవాణి.

"నేను దాన్ని ముట్నేలేదు మ్మా. ఆ గదిలో నేల తప్ప ఇంకేం ముట్టగూడదని లెక్కల సారు మొదట్నే చెప్పినాడు."

"ఆకు నిమ్మకాయ వాసన వేస్తోంది."

"దానికే గదా అందరూ నన్ను పట్టుకునింది! పోయిన శుక్రవారం లెక్కల సారు చొక్కాకి గేటు తుప్పు అంటింటే నిమ్మకాయ పిండి, ఉప్పేసి, ఎండలో పెట్టినా. మరక పోయింది. ఫొటో జిలానీ, సారూ ఇద్దరూ నిలబడి చూసి, ఏం మాయ చేసినావని నవ్వినారు. ఇప్పుడు అదే నా మెడకు చుట్టుకునింది."

"చొక్కాకు అంటింది కాటుకైతే?"

"కాటుక నిమ్మకాయకు పోదు. సబ్బేసి రుద్దాల." తిరుపతమ్మ మడతపెట్టడం ఆపి తలెత్తింది. "నేనొక మాట అడగతా మ్మా. ఉతికితే పైమురికి ముందు పోతాది గదా? పైన నల్లంగా రాసింది రాసినట్టే ఉంటే, నేను ఉతికిందేంది?"

శ్రీవాణి ఇస్రాయేలు వైపు తిరిగి, "ఆ మాట అచ్చంగా అలాగే రాసుకోండి," అంది.

జిలాని రాయచోటి మనిషి. మస్కట్‌లోని రువీలో ఫొటో స్టూడియో నడుపుతాడు. వారానికి రెండురోజులు ఇక్కడికి వచ్చి ఆకుల ఫొటోలు తీస్తాడు.

"గ్రీకు చదవగలవా?"

"తెలుగే సక్కంగా రాదు మేడమ్, గ్రీకు యాడిది? ఆకు నంబరేసి ఫొటో తీస్తా. అంతే నా డ్యూటీ."

"ఈ ఆకును తీశావా?"

"మూడుసార్లు తీసినా. సారు చూసి, అన్నీ బ్లర్రు, పారెయ్ అన్నాడు."

"పారేశావా?"

జిలాని నవ్వాడు. "మా స్టూడియోలో నెగెటివ్ పారేసేది లేదు మేడమ్. ఈరోజు పాస్‌పోర్ట్ ఫొటో దిగిపోయినోడు రెండేళ్ళకు లేబర్ కార్డు కోసం వచ్చి, నాలుగు కాపీలు అదే ఫొటో ఇయ్యన్నా అంటాడు. లేదంటే ఊరుకుంటాడా?"

శ్రీవాణి అతన్ని మల్లేశంతో పికప్‌లో రువీకి పంపింది. వాళ్ళు తిరిగివచ్చేసరికి మూడయింది. నమాజుకు అరగంటే మిగిలింది. ఆ అరగంటలో ఏమీ తేలకపోతే తిరుపతమ్మ పోలీసు జీపెక్కుతుంది. ఇస్రాయేలు గడియారాన్నీ, శ్రీవాణి ముఖాన్నీ మార్చిమార్చి చూశాడు. గడియారంలో కనిపించిన కంగారు ఆమె ముఖంలో లేదు.

అందరినీ దీపం గదిలోకి పిలిపించి, కిటికీలు మూయించి, దీపం వేయమంది. ఊదారంగు వెలుగులో ఆకు పాలిపోయి మెరిసింది. అడ్డంగా అరబ్బీ ప్రార్థనలు. వాటి కింద నిలువుగా, బారులుతీరిన చీమల్లా, పాత గ్రీకు పంక్తులు. ఆ బారుల నడుమ ఏడు తెల్లని చారలు.

"నిమ్మపులుసు ఇనుపమరకను తినేస్తుంది, మసిని ముట్టదు," అంది శ్రీవాణి. "దూదితో నెమ్మదిగా అద్దితే పై రాత నిలుస్తుంది, కింది రాత పోతుంది. ఇక్కడ జరిగింది అదే. తిరుపతమ్మ కంటికి కనబడేది పై రాత ఒక్కటే. మురికనుకుని ఉంటే దాన్నే రుద్దేది. అది చెక్కుచెదరలేదు. కంటికి కనబడనిది చెరిగింది. కనబడని పంక్తి మీద గురి తప్పకుండా దూది అద్దాలంటే ఈ దీపం వెలిగించుకోవాలి."

"దీపం వాడేవాళ్ళు ఇద్దరు," అన్నాడు షేక్.

"అవును. ఇద్దరూ తుప్పుమరక పోవడం చూసినవాళ్ళే. అయితే ఈ ఆకులో ముప్పై పంక్తులున్నాయి. చెరిగినవి ఏడు. ఏ ఏడో ఎంచుకోవాలంటే గ్రీకు చదవడం రావాలి."

గంగాప్రసాద్ గట్టిగా నవ్వబోయి దగ్గాడు.

"నేను కనుక్కున్నదాన్ని నేనే నాశనం చేసుకుంటానా? మీ మాటకు అర్థముందా?"

"కనుక్కుని ఉంటే చేసుకోరు," అంది శ్రీవాణి. "జిలానీ, ఆ నెగెటివ్ తెల్ల దీపం ముందు పెట్టు."

నెగెటివ్‌లో మసక లేదు. నలుపు తెలుపై, తెలుపు నలుపై, ఏడు పంక్తులూ స్పష్టంగా నిలిచాయి.

"చదువు," అన్నాడు షేక్.

"నాకు ఒంట్లో..."

"ఎల్లుండి వచ్చేవాళ్ళు చదువుతారు. వాళ్ళకంటే ముందు నువ్వు చదువు."

గంగాప్రసాద్ ముందుకు వంగి, ఆ గ్రీకు పంక్తులకు అర్థం చెప్పసాగాడు. మొదటి పంక్తి పూర్తయ్యేసరికి ఆయన గొంతులో పండితుడు పోయి మామూలు మనిషి మిగిలాడు. "ఇంతవరకు వచ్చాను. ఇక్కడి నుంచి దారి ఎంత వెతికినా నాకు దొరకలేదు. దొరకనిదాన్ని దొరికిందని చెప్పను. నా తరువాత వచ్చేవాడు నా కంటే దూరం చూడవచ్చు."

"మరి పత్రికలో వచ్చిన నిరూపణ ఎవరిది?"

గంగాప్రసాద్ నెగెటివ్ నుంచి వెనక్కి జరిగాడు. "నాది. ఆయన పద్ధతిలోనే, ఆయన ఆగినచోటు నుంచి నేను చేశాను. ఒక్క అడుగు కూడా తప్పు లేదు. నా పేరుతో మూడుసార్లు పంపితే చదవకుండానే తిప్పికొట్టారు. చిన్న ఊళ్ళో లెక్కలు చెప్పేవాణ్ణి ఎవరు చదువుతారు? ఆయనదే అన్నాక లోకమంతా చదివింది."

"ఆయన వదిలిన ఖాళీని నింపడం గొప్ప పని," అంది శ్రీవాణి. "నింపిన చేయి ఆయనదనడం అబద్ధం. కొత్త కెమెరా వస్తోందనగానే, ఆ అబద్ధం బతకడానికి ఏడు పంక్తులు చావాల్సివచ్చింది. చెరిగిన ఆకు పెట్టెలోనే ఉంటే మొదటి అనుమానం మీ మీదికే వస్తుంది. అందుకు చదువురాని మనిషొకరు కావాలి. ఆమె నిమ్మకాయ మీకు ముందే తెలుసు. ఆమెకు ఏళ్ళ తరబడి జైలు పడుతుందని కూడా మీకు తెలుసు."

గంగాప్రసాద్ స్టూలు మీద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

షేక్ లోపలికి వెళ్ళి పాస్‌పోర్టు తెచ్చి తిరుపతమ్మకు అందించబోయాడు. ఆమె అందుకోలేదు. మల్లేశం వైపు చూసి, "నేను చెప్పేది ఆయనకు హిందీలో చెప్పు నాయనా," అంది.

"చెప్పక్కా."

"అయ్యా, నన్ను దొంగముండా అని ఈ గదిలో అన్లేదు మీరు. బయట తోటలో, నలభై మంది ముందర అన్నారు."

మల్లేశం తడబడుతూ చెప్పాడు. షేక్ చెప్పులు తొడుక్కుని ఎండలోకి నడిచాడు. దూరాన గెలలు దింపుతున్న చేతులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన ఏమన్నాడో ఇస్రాయేలుకు వినబడలేదు. ఎదుట నిలబడ్డవాళ్ళ తలలన్నీ ఇటు, గడపలో ఉన్న తిరుపతమ్మ వైపు తిరగడం మాత్రం కనబడింది.

అప్పుడామె చేయి చాచి, తిరిగివచ్చిన షేక్ దగ్గర పాస్‌పోర్టు తీసుకుని బొడ్లో దోపుకుంది. గదిలోకి ఒకసారి తొంగిచూసింది.

"ఆ సారుకు ఎవరన్నా నీళ్ళియ్యండి," అంది. "నేను మాత్రం ఇయ్యను."